ఎడమచేతి వాల్వు

మొన్న మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, కొత్తపేటలో మా నాలుగో అంతస్తు ఇంట్లో, రెండు గిన్నెలు కడుక్కుందామని వంటగది కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదు సరికదా, లోపలి నుంచి ఎవరో ఊపిరి వదిలినట్టు పొడుగ్గా ఒక గాలి వచ్చింది. కాసేపు ఆగింది, లోపలికి పీల్చుకుంది, మళ్ళీ వదిలింది. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో అప్పటికే ఎవరో ఆ చప్పుడు రికార్డు చేసి పెట్టారు, కింద పదిమంది నవ్వు బొమ్మలు పెట్టారు. రెండు రోజులుగా ట్యాంకరు రాలేదు, సంపు అడుగంటింది, గొట్టాల్లో గాలి చేరింది, అంతే సంగతి. ఆ మాత్రం నాకు తెలియక కాదు, ఇరవై ఎనిమిదేళ్ళు నీళ్ళ ఆఫీసులో పని చేసినదాన్ని. అయినా చేతిలో గిన్నె సింకులో వదిలేసి వచ్చి హాల్లో కూర్చున్నాను, లేచి మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళడానికి సాయంత్రం దాకా మనసు రాలేదు.

నా ఈడు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియని ఆ రోజుల్లో మనందరం చేసిన పని ఒకటే: కుళాయి కట్టెయ్యకుండా తెరిచే ఉంచి, దాని కింద ఖాళీ ఇత్తడి బిందె పెట్టి, మన పనుల్లో మనం పడేవాళ్ళం. ముందు గాలి బుసకొట్టేది, తర్వాత నాలుగు చుక్కలు బిందె అడుగున టంగుమని పడేవి, ఆ చప్పుడు చెవిన పడితే చాలు, పొయ్యి మీద పాలు కూడా వదిలేసి పరుగెత్తేవాళ్ళం. బిందె నిండేకొద్దీ చప్పుడు సన్నబడుతూ పైకి పోతుంది కదా, పక్కగదిలో కూర్చుని కూడా ఎంత నిండిందో చెప్పగలిగేవాళ్ళం. ఇప్పటి పిల్లలకు ఈ మాట చెబితే నా మొహంలోకి జాలిగా చూస్తారు. వాళ్ళ జాలి వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి గానీ, ఈ బిందె సంగతి మాత్రం మీరు కాస్త గుర్తు పెట్టుకోండి.

మాది గుంటూరు వైపు. పెళ్ళయి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కిరాయి ఇంట్లో కాపురం పెట్టిన రెండో ఏడే నీళ్ళ ఆఫీసులో నాకు ట్రేసర్ ఉద్యోగం వచ్చింది. ట్రేసర్ అంటే ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన పైపులైన్ల పటాలను, లైన్ల పట్టికలను, పల్చటి మైనపు బట్ట మీద నల్లసిరాతో ఎత్తి రాసే పని అది. తప్పు పడితే బ్లేడుతో సుతారంగా గీకి తీసెయ్యాలి, గీకినట్టు తెలియకూడదు. మచ్చలేని షీటు ఇవ్వడం మా సెక్షన్‌లో ఆడవాళ్ళందరికీ పట్టుదల, నాకైతే పిచ్చి. మా ఇంజనీరు గారు నా షీటు వెలుతురుకేసి పట్టుకుని చూసి ఏమీ అనకుండా సంతకం పెడితే ఆ పూట నాకు అన్నం ఎక్కువ సహించేది.

అలాంటి రోజుల్లో ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. చెరువులు ఎండాయి, బోర్లు బురద కక్కాయి, ఊరికి వచ్చే నీళ్ళు సగానికి పడ్డాయి. ఉన్న కాసిని నీళ్ళు ఎవరికి ఎన్ని రోజులకొకసారి ఇవ్వాలో తేల్చే పని, ఊరికి తూర్పు వైపు వరకు, మా ఇంజనీరు గారి నెత్తిన పడింది. మలక్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా ప్రతి కాలనీనీ మూడు రంగుల్లో ఏదో ఒకదానిలో వెయ్యాలి: పచ్చరంగు వాళ్ళకు రోజు విడిచి రోజు, పసుపు వాళ్ళకు నాలుగు రోజులకొకసారి, ఎరుపు వాళ్ళకు కుళాయి బందు, ట్యాంకరే గతి. ఆయన చెడ్డవాడు కాదు. మనకు నీళ్ళ కొరత కంటే, ఉన్న నీళ్ళు ఎటు పోతున్నాయో తెలియకపోవడమే పెద్ద కొరత అనేవారు, అది నిజం కూడా. ఎందుకంటే ఏ రోడ్డు కింద ఏ వాల్వు ఉందో, ఎన్ని చుట్లు తిప్పితే మూసుకుంటుందో ఎక్కడా కాగితం మీద లేదు, అంతా లైన్‌మన్ల బుర్రల్లో ఉంది. అందరిలోకీ పాతవాడు రెండు నెలల్లో రిటైరు కాబోతున్నాడు. ఆయన వెంట తిరిగి, ఆయన చెప్పిందల్లా రాసి తెమ్మని నన్ను పంపారు.

ఆయన్ని నేను పెద్దయ్యా అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. నల్లగొండ వైపు ఒక పల్లె వాళ్ళది. ఆ పల్లె బావి నీళ్ళు తాగితే ఎముకలు వంకర్లు పోతాయి. ఆయన భార్యను పెద్దమ్మా అనేదాన్ని, ఆవిడ మోకాళ్ళు అప్పటికే లోపలికి తిరిగి ఉండేవి, గోడ పట్టుకుని నడిచేది. ఎల్బీ నగర్‌కు ఇవతల బండరాళ్ళ మీద వెలిసిన బస్తీలో వాళ్ళ కాపురం, అక్కడ సగం ఇళ్ళు వాళ్ళ పల్లె వాళ్ళవే. నేను మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆవిడ కూర్చోమనక ముందే స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చి, నేను తాగుతుంటే నా గొంతుకేసే చూస్తూ నిలబడింది. "అందరు పనికోసం ఒస్తరు బిడ్డా, మేం గీ నీళ్ళకోసం ఒచ్చినం" అన్నాడు పెద్దయ్య. ఆ నీళ్ళు తీపి అని వాళ్ళిద్దరూ అంటుంటే, బ్లీచింగు వాసన తప్ప ఏమీ తెలియని నేను గ్లాసు ఖాళీ చేశాను.

మేం తిరిగేది మిట్టమధ్యాహ్నాలు. ఎండకు భయపడి జనం తలుపులు వేసుకుంటారు, బళ్ళు తగ్గుతాయి, అప్పుడే నేల కింద చప్పుడు బాగా వినిపిస్తుందనేవాడు ఆయన. ఆయన చేతిలో ఒక ఇనుప కడ్డీ ఉండేది, పై చివర చెక్కగుబ్బ. కడ్డీ మొన రోడ్డు మీద ఆనించి, గుబ్బకు చెవి పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. దూరం నుంచి చూస్తే నడిరోడ్డు మీద నిలబడి నిద్రపోతున్న మనిషిలా ఉండేవాడు. నన్నూ వినమన్నాడు. మొదట ఏమీ వినపడలేదు. "ఊకె ఉండు, జర ఊపిరి ఆపు" అన్నాడు. ఊపిరి ఆపాను. అప్పుడు వినిపించింది. ఎక్కడో లోతున, చాలామంది ఒకేసారి గుసగుసగా మాట్లాడుకుంటున్నట్టు, మాట అర్థం కాకుండా, తెగకుండా. తల ఎత్తితే ఎండలో ఖాళీ రోడ్డు, మూసిన షట్టర్లు, ఒక్క మనిషి లేడు. అది పగిలిన పైపులో నీళ్ళ చప్పుడని ఆయన చెప్పాక కూడా నా ఒంటి మీద రోమాలు దిగలేదు.

ఎల్బీ నగర్ చౌరస్తాకు ఇవతల ఒక వాల్వు గుంత ఉండేది. ఇనుప మూత తీస్తే చల్లటి గాలి మొహానికి కొట్టేది. అందులో రెండు వాల్వులు. ఒకటి బండ మీది బస్తీకి నీళ్ళు ఎక్కించేది. రెండోది ఎప్పుడో దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట వైపు తోటలకు నీళ్ళిచ్చిన ఒక పాత లైనుది. తోటలు పోయి కాలనీలు వచ్చాక ఆ లైను అక్కర తీరింది, తవ్వి తియ్యడం దండగని మట్టిలోనే వదిలేశారు. "గిది పాతకాలపుది, ఎడమచేతి వాలు" అన్నాడు పెద్దయ్య. "అన్ని వాలులు కుడికి తిప్పితే మూస్కుంటయి, గిది కుడికి తిప్పితే తెరుసుకుంటది. ముట్టుకోవద్దు. రాస్కున్నవా బిడ్డా?" రాసుకున్నానన్నాను. ఆయన కడ్డీని ఆ పాత లైను మీద పెట్టి నాకు వినిపించాడు. ఏమీ లేదు. ఇందాక విన్న గుసగుసలకంటే ఆ నిశ్శబ్దానికే నాకు ఎక్కువ భయం వేసింది. "సచ్చిన లైను మాట్లాడొద్దు" అన్నాడాయన మూత వేస్తూ. "మాట్లాడిందంటే మనలో ఎవడో తప్పు చేసిండన్నట్టే."

తిరుగుడు అయిపోయాక షీటు రాయడానికి కూర్చున్నాను. మా ఫారంలో నాలుగే గళ్ళు: వాల్వు నంబరు, చోటు, సైజు, ఎన్ని చుట్లు. ఎటు తిప్పాలో రాయడానికి గడి లేదు, ఎందుకంటే వాల్వు కుడికే మూసుకుంటుందని ఫారం తయారు చేసినవాళ్ళ నమ్మకం. నేను ఆ ఒక్క వాల్వు పక్కన అంచులో చిన్నగా 'ఎ' అని రాశాను. ఇంజనీరు గారు షీటు వెలుతురుకు పట్టుకుని, "ఏమ్మా, ఈ మచ్చేంటి?" అన్నారు. వివరం చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన అప్పటికే ఫోను ఎత్తారు. పక్కన ఇద్దరు ట్రేసర్లు తలలు ఎత్తి నాకేసి చూశారు. నా షీటులో మచ్చ! బల్ల దగ్గరకు వచ్చి బ్లేడు తీసి, ఆ అక్షరాన్ని గీకేశాను, గీకినట్టు కూడా తెలియకుండా. ఎంత శుభ్రంగా గీకానో అని లోపల్లోపల మురిసిపోయాను కూడా, నా బుద్ధి మండిపోనూ.

పెద్దయ్య రిటైరయ్యాడు. దండ వేశారు, వాల్వులు తిప్పే ఆఫీసు కీ తీసుకున్నారు, కడ్డీ మాత్రం ఆయన సొంతం. ఆ వెంటనే ఇంజనీరు గారి ఆర్డరు వచ్చింది: వాడకంలో లేని లైన్ల వాల్వులన్నీ ఒకసారి గట్టిగా బిగించండి, ఈ కరువులో ఒక్క బొట్టు కూడా అటు పోకూడదు. కొత్త మనుషులు నా షీటు పట్టుకుని వెళ్ళారు. పాత లైను వాల్వును అందరిలాగే కుడికి తిప్పారు. అది తిరుగుతూనే ఉందట. మూసిన వాల్వయితే అన్ని చుట్లు తిరగదు కదా, అంటే ముసలాయన దాన్ని తెరిచి వదిలేశాడన్నమాట, మేం వెళ్ళి మూశాం కాబట్టి సరిపోయింది అని వచ్చి చెప్పారు. ఆఫీసంతా అయ్యో అంది. నేనూ అన్నాను.

వారం తిరగకుండా బండ మీది బస్తీలో నీళ్ళు ఆగిపోయాయి. ఇక్కడ పెద్ద ట్యాంకు నుంచి ఎప్పటిలాగే బయల్దేరుతున్నాయి, అక్కడ చుక్క దిగడం లేదు. మధ్యలో ఏమవుతున్నాయి? ఇంజనీరు గారు లెక్క ముందు పెట్టుకుని రెండు రోజులు ఆలోచించారు. లైన్లన్నీ మూసి ఉన్నాయి, షీటు సరిగ్గా ఉంది, కాబట్టి నీళ్ళు బస్తీ కిందే పోతున్నాయి, వాళ్ళే దొంగ కనెక్షన్లు పెట్టుకుని తోడేస్తున్నారు, అంతకంటే వేరే దారి లేదన్నారు. ఆ లైన్‌మన్ మనుషులే కదా అక్కడ ఉన్నది, వాల్వు తెరిచి వదిలినవాడికి ఇదొక లెక్కా అని ఎవరో అందుకున్నారు. బస్తీని ఎరుపులో వెయ్యమన్నారు. వేశాను. ఈ చేతులతోనే, అంచులు దాటకుండా, నీటుగా రంగు నింపాను. ట్యాంకరు ఆ బండల మీదికి ఎక్కదని అక్కడికి వెళ్ళి వచ్చిన నాకు తెలుసు, ఎక్కనప్పుడు పెద్దమ్మ కిందికి దిగలేదని కూడా తెలుసు. వాళ్ళకు మిగిలింది బస్తీ చివర బోరింగు. ఆ నీళ్ళు కూడా వాళ్ళ పల్లె నీళ్ళలాగే ఎముకలు తినే రకం.

సరిగ్గా అప్పుడే మా ఇంట్లో మొదలైంది. మా అత్తగారు పగలంతా ఒక్కతే ఉండేది, మా వారిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. ఒకరోజు నేను ఆఫీసు నుంచి రాగానే, "అమ్మాయ్, మధ్యాహ్నం వంటింటి గచ్చు కింద ఎవరో నడుస్తున్నారే" అంది. ఎలుకలై ఉంటాయన్నాను. మర్నాడు, నడవడం కాదు, మాట్లాడుకుంటున్నారంది. ఆ పైన గచ్చు చల్లగా ఉందని, చాప మీద పడుకుంటే వీపుకి ఊపిరి తగులుతోందని, చీమలు గుడ్లు నోట కరుచుకుని బారులు కట్టి గోడ ఎక్కిపోతున్నాయని రోజుకొకటి చెప్పడం మొదలుపెట్టింది. నలభై రోజులుగా చినుకు లేని ఎండాకాలంలో మా వంటింటి గోడ అడుగున చెయ్యి పెడితే తడి తగిలేది. నాకూ తగిలింది. చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని ఊరుకున్నాను.

మా వీధి చివర పాత తోట తాలూకు ప్రహరీ, తాళం వేసిన గేటు, లోపల ఒక ఎండిపోయిన దిగుడుబావి ఉండేవి. ఊళ్ళో అన్ని బోర్లూ ఎండుతున్న ఆ నెలలో ఆ బావిలోకి నీళ్ళు వచ్చాయి. ఎటు నుంచి వచ్చాయో ఎవరికీ తెలియదు. మొదట అడుగు తడిసిందన్నారు, తర్వాత మెట్లు ఒక్కొక్కటే మునుగుతున్నాయన్నారు. పట్టపగలు గేటు దగ్గర నిలబడితే లోపలి నుంచి మూలుగు వినిపిస్తోందని, ఆ నీళ్ళు తాకినవాళ్ళకు మంచిది కాదని, కాదు అమ్మవారే వచ్చిందని తలా ఒక మాట. ఆడవాళ్ళు గేటుకు పసుపు కుంకుమలు పెట్టారు. ఒక్కరు కూడా బిందె పట్టుకుని లోపలికి వెళ్ళలేదు. గొంతులు ఎండిపోతున్న వీధిలో అంత నీళ్ళు పెట్టుకుని ఎవరూ ముట్టుకోకపోవడం తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ రోజుల్లోనే పెద్దయ్య ఆఫీసుకు వచ్చాడు. లోపలికి పోనివ్వలేదు. నేను కాఫీకి దిగుతుంటే మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు, మనిషి సగమయ్యాడు. దొంగలన్న మాట ఎత్తలేదు. ఒక్కటే అడిగాడు: "గా ఎడమ వాలు సంగతి రాసినవ్ గదా బిడ్డా?" రాశాను పెద్దయ్యా అన్నాను. రాసిన మాట నిజమే కదా. గీకేసిన సంగతి ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు. గుర్తు రాలేదో, నేనే రానివ్వలేదో, ఈ రెండింటిలో ఏది నిజమో ఇన్నేళ్ళుగా తేల్చుకోలేకపోతున్నాను. ఆయన నా మాట నమ్మాడు. "అట్లయితే ఇంకేడనో పగిలినట్టుంది, దేవులాడుతా" అని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా వీధి వీధీ కడ్డీ ఆనించి వింటూ తిరిగేవాడట. పిచ్చి పట్టిందనుకుని జనం పక్కకు తప్పుకునేవారట.

అలా తిరుగుతూ ఒకరోజు మా వీధికి వచ్చాడు. ఆయన ఎవరో తెలియకుండానే మా అత్తగారు పిలిచి, మా గచ్చు కింద ఏముందో చూడు నాయనా అందట. ఆ సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది. "ఆ పెద్దాయన గచ్చు మీద కడ్డీ పెట్టి ఎంతసేపున్నాడో అమ్మాయ్! లేచేసరికి కళ్ళల్లో నీళ్ళు. నీ ఫోటో చూసి, ఈ బిడ్డ ఇల్లా ఇది అన్నాడు. సచ్చిన లైను మాట్లాడుతుందని మీ కోడలికి చెప్పుండ్రి, ఎడమకు తిప్పమనుండ్రి అని మరీ మరీ చెప్పాడు. కడ్డీ ఇక్కడే వదిలేసి వెళ్ళాడు, ఆయనకింక అక్కర లేదట." తలుపు మూల ఆ కడ్డీ గోడకు ఆనించి ఉంది. విన్నాను. ప్రతి మాటా అర్థమైంది. రేపు ఇంజనీరు గారికి చెబుతాననుకున్నాను. మర్నాడు షీట్లు పెద్దాఫీసుకు వెళ్ళే రోజు, ఆ మర్నాడు ఆయన తీరిగ్గా లేరు, ఆ మర్నాడు నాకు తలనొప్పి. ఇవన్నీ సాకులు. చెబితే నా మచ్చలేని షీటు ఏమవుతుందోనని భయం, అంతే.

నాలుగో రోజు ఆదివారం. మా అత్తగారు ఊరుకోలేదు, బావి గేటుకు పసుపు పెట్టి వద్దాం రమ్మని మధ్యాహ్నం నన్ను లాక్కెళ్ళింది. గేటు తాళం ఎవరో విరగ్గొట్టారు. ఆవిడ బయటే దణ్ణం పెట్టుకుంటుంటే నేను లోపలికి నడిచాను. చుట్టూ ఎండిన గడ్డి, మధ్యలో పైమెట్టు దాకా నిండిన నల్లటి నీళ్ళు. గాలి లేదు, అయినా నీళ్ళు ఒక పక్క నుంచి మెల్లగా పొంగి కుంగుతున్నాయి, రాళ్ళ సందు నుంచి మూలుగు వస్తోంది. వంగి దోసెడు నీళ్ళు తీసుకుని మొహం దగ్గర పెట్టుకున్నాను. బ్లీచింగు వాసన వచ్చింది. ఏ అమ్మవారి నీళ్ళకూ ఆ వాసన ఉండదు. పెద్దమ్మ ఇచ్చిన స్టీలు గ్లాసులో నేను తాగిన నీళ్ళు అవి, బస్తీకి ఎక్కకుండా పాత లైను పట్టుకుని ఇక్కడికి వచ్చాయి. దోసిలి వదిలేసి అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చాను.

తెల్లవారి ఆఫీసు తలుపులు తెరిచేసరికి నేను అక్కడ ఉన్నాను. షీటు తీసి కిటికీకేసి పట్టుకుంటే, గీకిన చోట బట్ట పల్చబడి, ఆ 'ఎ' వెలుతురు రంగులో స్పష్టంగా కనపడింది. ఇంజనీరు గారికి మొత్తం చెప్పాను. ఆయన తిట్టలేదు, ఒక్కసారి కళ్ళు మూసుకుని, జీపు తెప్పించమన్నారు. గుంత మూత తీయగానే పాత లైను నుంచి నాకు తెలిసిన ఆ గుసగుసలు కడ్డీ అవసరం లేకుండానే పైకి వచ్చాయి. ఎడమకు తిప్పారు. ఒక్కో చుట్టుకూ గొంతులు తగ్గుతూ తగ్గుతూ, చివరి చుట్టుతో నోరు మూసినట్టు ఆగిపోయాయి.

నేను జీపు కోసం ఆగకుండా బండ ఎక్కి బస్తీకి పరుగెత్తాను, నీళ్ళు వస్తున్నాయని పెద్దయ్యకు నేనే చెప్పాలని. తలుపుకు తాళం ఉంది. పక్కింటావిడ చంకన ఖాళీ బిందెతో వచ్చి నిలబడింది. మొన్న పొద్దున పోయిన్రంది. ఎక్కడికంటే తమ పల్లెకేనంది. ఆ నీళ్ళు తాగడానికా అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఆడ నీళ్ళు ఇసమే. గని ఆడ మమ్ముల దొంగలనరు అన్నడు" అంది. మేం మాట్లాడుతుండగానే బస్తీ అంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ప్రతి ఇంట్లో కుళాయి గాలి వదులుతోంది, పొడుగ్గా, ఒకదాని వెంట ఒకటి. ఆవిడ బిందెతో తన ఇంట్లోకి పరుగెత్తింది. నేను తాళం వేసిన తలుపు ముందు నిలబడ్డాను. లోపల కూడా ఊపిరి వినిపించింది. తర్వాత ఇత్తడి అడుగున టంగుమని నాలుగు చుక్కలు పడ్డాయి. పోతూ పోతూ కూడా వాళ్ళు కుళాయి తెరిచి, కింద బిందె పెట్టి వెళ్ళారు. ఆ ఖాళీ ఇంట్లో బిందె నిండుతూ పోయింది, చప్పుడు సన్నబడుతూ, సన్నబడుతూ పైకి పోయి ఆగింది. కాసేపటికి తలుపు కింద నుంచి నీళ్ళు వచ్చి నా పాదాలు తడిపాయి.

ఫైల్లో 'వాల్వు లోపం, సరిచేయబడినది' అని రాశారు. ఎరుపు రంగును నేనే తుడిచి పసుపు వేశాను. బావి మళ్ళీ ఎండింది, అమ్మవారు వెళ్ళిపోయిందన్నారు మా వీధిలో. దొంగతనం చేశారన్న మాటను, వాల్వు తెరిచి వదిలేశాడన్న మాటను మాత్రం ఎవరూ ఎక్కడా కొట్టెయ్యలేదు. ఒకసారి అడిగాను. ఆయన రిటైరైపోయాడు కదమ్మా, ఇప్పుడెందుకు అన్నారు ఇంజనీరు గారు. నేను ఊరుకున్నాను. పల్లెకు ఉత్తరం రాశాను, జవాబు లేదు. రెండేళ్ళ తర్వాత పక్కింటావిడే రైతుబజారులో కనపడి, ఆయన పోయాడని, పెద్దమ్మ మంచం దిగడం లేదని చెప్పింది. ఆవిడ బేరమాడుతున్న వంకాయల గురించి ఏదో అడిగి ఇంటికి వచ్చేశాను.

ఇప్పుడు అంతా మారింది. బావి పూడ్చి కోచింగు సెంటరు కట్టారు, కొత్తపేట పండ్ల మార్కెట్టు ఊరి బయట బాటసింగారానికి పోయింది, రోడ్ల మీద మెట్రో స్తంభాలు లేచాయి. వాల్వులు గదిలో కూర్చుని మీట నొక్కితే వాటంతటవే తిరుగుతాయట, ఏ పైపులో ఎన్ని నీళ్ళు పోతున్నాయో తెర మీద కనపడుతుందట. మంచిదే, మా కాలంలో ఉంటే ఎంత బాగుండేది. అయితే నేలకు చెవి ఆనించి ఊపిరి ఆపుకుని వినే మనిషి ఇప్పుడు ఒక్కడూ లేడు. ఒక మనిషి వచ్చి మెట్ల మీద నిలబడి అడిగితే నిజం చెప్పాలన్నది మాత్రం ఏ కాలానికైనా మనుషుల పనే, అది నేను చెయ్యలేదు.

ఆ కడ్డీ నా దగ్గరే ఉంది, నాలుగిళ్ళు మారినా వదల్లేదు. మొన్న కుళాయి ఊపిరి వదిలిన మర్నాడు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, దాని మొన వంటింటి టైల్సు మీద ఆనించి గుబ్బకు చెవి పెట్టాను. ముందు లిఫ్టు మోటారు చప్పుడు వచ్చింది. తర్వాత అదీ ఆగింది. ఊపిరి ఆపాను. సంపులో చుక్క లేదు, ట్యాంకరు రాలేదు, అయినా అడుగున ఎక్కడో ఒక బిందెలోకి నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. సన్నబడుతుందేమోనని చాలాసేపు నిలబడి విన్నాను. అది సన్నబడలేదు.